ఏళ్ల తరబడి నిలిచే వెదురు పాక: గడ నరకడం నుంచి కొప్పు కప్పడం దాకా

వెదురు పాక కడితే ఎన్నాళ్లుంటుంది? నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. వెంటనే మరొకటి వస్తుంది: "మేం కట్టింది రెండో వానాకాలానికే ఒరిగిపోయింది, ఎందుకు?" అప్పుడు నేను రెండు విషయాలు అడుగుతాను. గుంజలను నేలలో పాతారా? గడలను కోసిన వారంలోనే వాడారా? దాదాపు ప్రతిసారీ రెండింటికీ అవుననే జవాబు వస్తుంది.

నేను కట్టిన మొదటి పాకలోనూ ఈ రెండు తప్పులూ చేశాను. ఆరు నెలలు గడిచేసరికి వాసాల నుంచి పసుపుపచ్చని పిండి రాలడం మొదలైంది. కింద చాప వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి మొహం నిండా అదే. గుండ పురుగు లోపల తినేసి బయటికి తోసిన పొడి అది. మరో వానాకాలం తరువాత నాలుగు గుంజలు నేల మట్టం దగ్గర చేత్తో నొక్కితే లోపలికి పోయేంత మెత్తబడ్డాయి. పైనున్న వెదురంతా నిక్షేపంగా ఉంది.

కాబట్టి ఇక్కడ కట్టే పని కన్నా కట్టడానికి ముందు పని ఎక్కువ ఉంటుంది. గడ నరికిన రోజు నుంచి గుంజ నిలబెట్టే రోజుకు రెండు, మూడు నెలలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే ఒక్క ఏడాది పందిరి వేసుకోండి, తప్పులేదు. దానికి ఇంత శ్రమ అక్కర్లేదు.

కట్టబోయేది ఏమిటి

3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు, నాలుగు వైపులా తెరిచి ఉండే రెండు వాలుల పాక. ఈ కొలతలకు ఒక కారణం ఉంది. 3, 4 మీటర్ల భుజాలు ఉంటే మూల నుంచి ఎదుటి మూలకు సరిగ్గా 5 మీటర్లు రావాలి. టేపు ఒక్కటి ఉంటే చాలు, మూలమట్టం లేకుండానే లెక్క సరిచూసుకోవచ్చు.

కావలసినవి

6 మీటర్ల వెదురు గడలు 36 దాకా పడతాయి. గుంజలకు, దూలాలకు 8 నుంచి 10 సెంటీమీటర్ల లావు, కనీసం ఒక సెంటీమీటరు గోడ మందం ఉన్నవి ఎంచుకోండి. వాసాలకు 5, 6 సెంటీమీటర్లవి చాలు. వీటిలో ఆరు గడలను చీల్చి బద్దలు చేస్తాం.

కప్పుకు రెల్లు, బోద, వరిగడ్డి, తాటాకు, కొబ్బరాకు వీటిలో మీకు దొరికేది. చూరుతో కలిపి కప్పు సుమారు 31 చదరపు మీటర్లు వస్తుంది.

కట్టడానికి కొబ్బరి పీచు తాడు లేదా మందపాటి నైలాన్ తాడు. కొన్ని 10 మిల్లీమీటర్ల బోల్టులు, నట్లు, వాషర్లు. సిమెంటు, ఇసుక, కంకర, 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వలు.

గడకు పురుగు పట్టకుండా పెట్టే మందుకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం. పనిముట్లలో సన్న పళ్ల రంపం, కత్తి, గుండ్రటి ఆకురాయి, డ్రిల్లు, దబ్బనం, తూకం గుండు, రసమట్టం, నిచ్చెన. మేకులు రాయలేదని గమనించే ఉంటారు. మరిచిపోలేదు. వెదురులో మేకు దిగిందంటే అది నిలువునా చీలిపోతుంది.

1. ముదురు గడనే నరకండి

వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. మొలిచిన కొద్ది నెలల్లోనే పూర్తి ఎత్తు, పూర్తి లావు వచ్చేస్తాయి. తరువాతి ఏళ్లలో పెరిగేది గట్టిదనమే. అందుకే లావు చూసి మోసపోకండి. మూడు నుంచి ఐదేళ్ల వయసున్న గడ కావాలి.

వయసు ఎలా తెలుస్తుంది? లేత గడ మీద నున్నని పచ్చదనం, తెల్లని బూడిదలాంటి పూత, కణుపుల దగ్గర ఊడిపోని పొరలు ఉంటాయి. ముదురు గడ రంగు మందగించి, పైన బూడిద రంగు మచ్చలు, కాస్త పాచి పట్టి ఉంటుంది. కత్తి వెనుక వైపుతో కొట్టి చూడండి. ముదురుది ఖంగుమంటుంది, లేతది బద్దకంగా మోగుతుంది. పది గడలు కొట్టాక చెవికి తేడా అదే అలవాటవుతుంది.

వానలు వెనుకబట్టి పొడి కాలం మొదలయ్యాక నరకండి. కొత్త పిలకలు వేసే కాలంలో వద్దు. గుండ పురుగు వచ్చేది గడలోని పిండి పదార్థం కోసమే. కోసిన చివర మీద గాయాలకు పూసే అయోడిన్ చుక్క వేస్తే పిండి ఎక్కువగా ఉన్నచోట నల్లని నీలి రంగు తేలుతుంది. రంగు చిక్కగా వచ్చిన గడకు మందు తప్పనిసరి.

నేలకు దగ్గరి కణుపుకు కాస్త పైన నరకండి. మోడులో గిన్నెలాంటి గుంట మిగిలితే నీరు నిలిచి పొద మొదలే కుళ్లుతుంది.

2. పచ్చిగా ఉండగానే మందు పట్టించండి

ఇక్కడ ఎక్కువ మంది చేసే పొరపాటు గడ ఆరాక పైన మందు పూయడం. వెదురు పై చర్మం నీటిని దాదాపు లోపలికి పోనివ్వదు. ఎన్ని పూతలు వేసినా చర్మం మీదే ఉంటుంది. మందు లోపలి నుంచే ఎక్కాలి, గడలో తడి ఉండగానే ఎక్కాలి.

పొడవాటి ఇనుప చువ్వ చివర మొన తేల్చి, గడ రెండు వైపుల నుంచీ దూర్చి కణుపుల లోపలి అడ్డుబిళ్లలను పొడిచేయండి. నేలలో 6.5 మీటర్ల పొడవున గుంట తవ్వి మందపాటి ప్లాస్టిక్ పట్టా పరవండి. ప్రతి 100 లీటర్ల నీటికి 6 కిలోల బోరాక్స్, 4 కిలోల బోరిక్ ఆమ్లం కలపండి. ముందు కొద్దిపాటి వేడి నీటిలో కరిగించి తరువాత గుంటలో పోస్తే అడుగున పేరుకోదు. గడలను ఏటవాలుగా ముంచితే లోపలి గాలి బుడగలై బయటికి వస్తుంది. బుడగలు ఆగాక పైన రాళ్లు పెట్టి పది నుంచి పద్నాలుగు రోజులు పూర్తిగా మునిగి ఉండేలా చూడండి.

హెచ్చరిక: చేతికి తొడుగులు, పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ ఉండాలి. గుంట చుట్టూ పిల్లలు, పశువులు చేరకుండా కంచె కట్టండి. మిగిలిన నీటిని చెరువులోకో, మొక్కల మొదట్లోకో వదలకండి. అంత మోతాదులో బోరాన్ మొక్కలను చంపేస్తుంది. అదే ద్రావణాన్ని మరో విడత గడలకు, చీల్చిన బద్దలకు వాడుకోండి.

మందు దొరకకపోతే గడలను రెండు, మూడు నెలలు నీటిలో ముంచి ఉంచే పాత పద్ధతి ఉంది. పిండి పదార్థం కొంత నీటిలోకి పోతుంది. గుండ పురుగు తగ్గుతుంది గానీ చెద ఆగదు. బయటికి తీసినప్పుడు వచ్చే కంపు గురించి ఇరుగుపొరుగు వారికి ముందే చెప్పి ఉంచండి.

ఇంకో మాట. ఈ మందు వానకు తడిస్తే మళ్లీ కరిగి పోతుంది. మందు పెట్టాం కదా అని గడను వానలో ఉంచితే పెట్టిన శ్రమ వృథా.

3. నీడలో, నిలువుగా ఆరబెట్టండి

మందు నీరు కారిపోయాక గాలి ఆడే నీడలో గడలను నిలబెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచండి. వారానికోసారి తిప్పండి. ఎండలో పడేస్తే త్వరగా ఆరుతాయి, అంతకన్నా త్వరగా చీలుతాయి. నేల మీద పరిస్తే అడుగువైపు బూజు పడుతుంది.

ఆరిన గడ తేలికవుతుంది, పచ్చదనం పోయి గడ్డి రంగుకు తిరుగుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక గడను తూచి గుర్తు పెట్టుకోండి. వరుసగా రెండు వారాలు బరువు మారకపోతే ఆరినట్టే. పచ్చి గడతో కట్టకండి, ఆరేకొద్దీ అది సన్నబడి, ఎంత బిగించిన కట్టయినా వదులవుతుంది.

4. కాలికి తడి తగలనీయకండి

నేలలో పాతే వెదురుకు తారు పూస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. తడి అడుగు చివర నుంచి, పగుళ్ల నుంచి ఎక్కుతుంది. తారు ఆ తడిని లోపలే బంధించి కుళ్లును తొందర చేస్తుంది. వాడేసిన ఇంజిన్ నూనె కథా అంతే. గుంజ చుట్టూ కాంక్రీటు పోయడం ఇంకా చేటు. వెదురు ఉబ్బుతూ, కుంచించుకుంటూ ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు చుట్టూ సందు పడి, వాన నీరు ఆ గిన్నెలో నిలుస్తుంది.

ఆరు దిమ్మెలు కట్టండి, పొడవు వైపు రెండేసి మీటర్లకు ఒకటి. తాడు కట్టి మూలలు గుర్తించాక రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 5 మీటర్లు రావాలి. ఒక సెంటీమీటరు తేడా ఉంటే సర్దుకుంటుంది, ఐదు ఉంటే కప్పు మెలి తిరుగుతుంది.

ఒక్కో గుంట 45 సెంటీమీటర్ల చదరంగా, 60 లోతుగా తవ్వండి. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపిన కాంక్రీటు పోసి, పైన 25 సెంటీమీటర్ల చదరపు దిమ్మెను నేలకు 40 సెంటీమీటర్ల ఎత్తుకు లేపండి. నడిమధ్య చువ్వను అడుగు దాకా దించి, పైన 45 సెంటీమీటర్లు వదలండి. దిమ్మె తలను నీరు జారేలా అన్ని వైపులకూ వాలుగా చెక్కండి. చదునుగా వదిలేస్తే ఆ మడుగులోనే గుంజ కాలు ఉంటుంది. ఏడు రోజులు తడపండి.

గుంజ 2.1 మీటర్లు ఉండాలి, లావు చివర కిందికి. అడుగును కణుపు కింద కోయండి. అడుగు నుంచి 50 సెంటీమీటర్ల మేర లోపలి బిళ్లలన్నీ తొలగించి, ఆ ఎత్తులో పక్కన ఒక రంధ్రం వేయండి. దిమ్మె మీద మందపాటి ప్లాస్టిక్ ముక్క పరిచి, గుంజను చువ్వలోకి దించి, తూకం గుండుతో రెండు వైపుల నుంచీ నిట్టనిలువు చూసి తాత్కాలిక ఊతలు కట్టండి. ఆ తరువాత రంధ్రంలోంచి సిమెంటు, ఇసుక 1:3 పాళ్లలో కలిపిన మోర్టారు పోయండి. పోస్తూ గుంజను కర్రతో తడితే గాలి బుడగలు పోతాయి. నిండిందా లేదా అన్నది కొట్టి చూస్తే చప్పుడే చెబుతుంది.

సిమెంటు వద్దనుకుంటే గట్టి రాతి స్తంభం ముక్కను నేలలో పాతి, పైకి 60 సెంటీమీటర్లు వదిలి, వెదురును దాని పక్కన నిలిపి రెండు బోల్టులతో లేదా పట్టీలతో బిగించండి. వెదురు అడుగు మాత్రం నేలకు జానెడు పైనే ఉండాలి.

5. చేప నోరు, కట్టు

గుంజ తల మీద దూలం కూర్చోవడానికి తలను చేప నోరులా వంపుగా కోయాలి. కోసిన చోటుకు 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద కణుపు తప్పక ఉండాలి. కణుపు దూరంగా ఉంటే బరువు పడగానే నోరు చీలి పెదవులు విచ్చుకుంటాయి. అందుకే గుంజను కొలిచేటప్పుడు ముందు పైచివర కణుపు చూసుకుని, అక్కడి నుంచి కిందికి కొలవండి. అడుగు కోత కణుపు కిందికి సరిగా రాకపోతే ఫరవాలేదు, అక్కడ మోర్టారు ఉంది.

రంపంతో రెండు ఏటవాలు కోతలు వేసి, మిగతాది ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి. దూలం ముక్కను పెట్టి వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. సందులోంచి అగ్గిపుల్ల దూరితే ఇంకా అరగదీయాలి.

కట్టు కట్టే ముందు కొబ్బరి తాడును గంటసేపు నానబెడితే మెత్తబడి మాట వింటుంది. కూడలికి ఎదురెదురు దిశల్లో నాలుగేసి చుట్లు వేసి, చివరగా రెండు గడల మధ్య సందులో అడ్డంగా మూడు చుట్లు లాగండి. బిగింపు అంతా ఈ అడ్డ చుట్లదే, చాలామంది వదిలేసేదీ వీటినే. చేత్తో లాగితే చాలదు. తాడు చివరను చిన్న కర్రకు చుట్టి, కాలు తన్నిపెట్టి లాగండి. పూర్తయ్యాక కూడలిని రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. కిర్రుమంటే విప్పి మళ్లీ కట్టాల్సిందే.

ముఖ్యమైన కూడళ్లలో, అంటే గుంజకు దూలం కలిసే ఆరు చోట్లా కట్టుతో పాటు బోల్టు కూడా వేయండి. డ్రిల్లుతో రంధ్రం వేశాకే బోల్టు, రెండు వైపులా వెడల్పాటి వాషరు. నట్టు మరీ బిగిస్తే బోలు గడ నలుగుతుంది. బోల్టు దూరే కణుపు నడిమిని మోర్టారుతో నింపితే ఆ భయం ఉండదు.

6. చట్రం

రెండు పొడవు వైపులా గుంజల తలల మీద 5.2 మీటర్ల దూలాలు వేయండి, చివరలు రెండు వైపులా 60 సెంటీమీటర్ల చొప్పున బయటికి రావాలి. ఎదురెదురు గుంజలను కలుపుతూ మూడు అడ్డదూలాలు. ఇవి అలంకారానికి కాదు. కప్పు బరువుకు వాసాలు దూలాలను బయటికి తోస్తాయి, అడ్డదూలమే వాటిని పట్టి ఉంచుతుంది. ఎండిన గడ్డి కప్పు అర టన్ను దాటుతుంది, తడిస్తే ఇంకా పెరుగుతుంది.

అడ్డదూలాల నడుమ 1.5 మీటర్ల నిట్రాడలు నిలిపి, వాటి మీద వెన్నుగాడి, అంటే కొప్పు పొడవునా ఉండే దూలం వేయండి. నిట్రాడ అడుగు అడ్డదూలపు కణుపు మీద కానీ, కణుపు పక్కనే కానీ పడాలి. బోలు నడిమి మీద పెడితే దూలం సొట్టపోతుంది. లోపలి చోటు మీకు ముఖ్యం కాకపోతే నడుమ వాటికీ దిమ్మెలు కట్టి నిట్రాడలను అక్కడి దాకా దించండి, ఇంకా గట్టిగా ఉంటుంది.

సగం వెడల్పు 1.5, ఎత్తు 1.5 కాబట్టి వాలు 45 డిగ్రీలు వస్తుంది. దీనికి తగ్గించకండి. "ఎత్తు మరీ ఎక్కువైంది, కాస్త కిందికి దించాను" అని చెప్పిన వారి కప్పు కింద గిన్నెలు పెట్టి ఉండటం చూశాను. గడ్డి కప్పు నీటిని ఆపదు, జార్చేస్తుంది. వాలు తగ్గితే నీరు జారకుండా లోపలికి ఇంకుతుంది.

వాసాలు పది జతలు, ఒక్కోటి 3.2 మీటర్లు, సుమారు 58 సెంటీమీటర్ల దూరంలో. చూరు 60 సెంటీమీటర్లు బయటికి రావాలి. ఆ లెక్కన చూరు 60 సెంటీమీటర్లు కిందికీ దిగుతుంది. దిమ్మెతో కలిపి గుంజ తల 2.5 మీటర్లు, అంటే చూరు 1.9 దగ్గర ఉంటుంది. పొట్టి గుంజలు నిలిపేసి చివర్లో ఈ లెక్క తేలేవారు తలలు వంచుకుని లోపలికి పోతారు.

ఇక ఊతలు. నాలుగు మూలల్లో ప్రతి గుంజ నుంచి రెండు వైపులకూ ఏటవాలుగా కట్టండి. వాసాల కింద కూడా ఒక్కో వాలుకు మూల నుంచి మూలకు ఒక పొడవాటి గడ కట్టండి. నాలుగు భుజాల చట్రం పక్కకు ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. కట్టాక ఒక మూల గుంజను భుజంతో గట్టిగా తోయండి. పాక మొత్తం ఒక్కటిగా వణికితే సరే, ఆ మూల ఒక్కటే కదిలితే అక్కడ ఊత తక్కువైనట్టు.

గాలి కప్పును కిందికి నొక్కడం కన్నా పైకి లేపడం ఎక్కువ ప్రమాదం. వాసానికి, దూలానికి మధ్య ప్రతి కట్టు పైకి లాగినా ఊడనంతగా ఉండాలి. చివరి రెండు జతల వాసాలకు రెట్టింపు కట్టు వేయండి.

7. బద్దలు, కప్పు

వాసాల మీద అడ్డంగా బద్దలను 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కట్టండి. బద్దల అంచులు చేతిని కోస్తాయి, ముందే కత్తితో గీకి నున్న చేసుకోండి.

కప్పే గడ్డి పూర్తిగా ఎండాలి, గింజ మిగలకూడదు. గింజ ఉంటే ఎలుకలు, పక్షులు కప్పును పీకి పోగులు పెడతాయి. గుప్పెడు లావు కట్టలు కట్టి, మొదళ్లను సమంగా తట్టండి. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. మొదళ్లు కిందికి, కొసలు పైకి. పై వరుస కింది వరుస కట్టును పూర్తిగా కప్పాలి. ఎక్కడ చేయి పెట్టినా మూడు వరుసల మందం తగలాలి, అన్నీ కలిసి 20 సెంటీమీటర్లకు తగ్గకూడదు.

ప్రతి వరుస మీదా ఒక సన్న బద్దను అడ్డంగా నొక్కి, దబ్బనంతో కింది బద్దకు కుట్టండి. పైన ఒకరు, లోపల ఒకరు ఉంటే పని సులువు. ఈ కుట్టు తాడు బయటికి కనబడిందంటే వాన నీటికి దారి వేసినట్టే. తాడు వెంట చుక్క చుక్కగా లోపలికి దిగుతుంది. వచ్చే వరుస దాన్ని దాచాలి.

తాటాకు అయితే ఆకులను బరువు కింద చదును చేసి, సగం ఆరాక వాడండి. కొసలు కిందికి ఉండేలా, చేప పొలుసుల్లా, ఒక వరుస సందు మీద పై వరుస ఆకు నడుమ పడేలా పరవండి. వరిగడ్డి అందరికీ దొరికేదే గానీ త్వరగా కుళ్లుతుంది. రెల్లు, బోద దొరికితే నా ఓటు వాటికే.

కప్పు కింద ప్లాస్టిక్ పట్టా పరిస్తే కారదు కదా అంటారు. కారదు, గడ్డి కూడా ఆరదు. లోపలి గాలి తగలక అడుగు నుంచి కుళ్లుతుంది. పట్టా వేయాల్సింది ఒక్క కొప్పు దగ్గరే. వెన్నుగాడికి రెండు వైపులా 30 సెంటీమీటర్ల మేర పట్టా పరిచి, దాని మీదుగా గడ్డి కట్టలను ఇటూ అటూ మడిచి, రెండు వైపులా బద్దలతో నొక్కి కట్టండి. కారడం మొదలయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి ఇక్కడ గడ్డి దండిగా పోయండి.

సరిగా వచ్చిందో లేదో చూసుకోండి

మిట్టమధ్యాహ్నం లోపల నిలబడి పైకి చూడండి. సూది మొన అంత వెలుగు చుక్క కనబడినా అక్కడ కట్ట దోపాలి. తరువాత నిచ్చెన వేసి కొప్పు మీద రెండు బకెట్ల నీళ్లు మెల్లగా పోయించి, మీరు లోపల ఉండండి. నీరు చూరు నుంచే పడాలి. కప్పులోకి వేలు గుచ్చితే సులువుగా దిగకూడదు.

ప్రతి అడ్డదూలం నడిమికి 50 కిలోల ఇసుక బస్తా ఒక రాత్రి వేలాడదీయండి. కింద ఎవరూ ఉండకూడదు. దించాక దూలం తిన్నగా అయితే మంచిది. వంపు అలాగే మిగిలితే ఆ గడ మార్చండి.

నిప్పు విషయంలో మాత్రం రాజీ లేదు. పాక లోపల, చూరు కింద పొయ్యి వద్దు, దీపం వద్దు. కరెంటు తీగ తప్పనిసరైతే గొట్టంలో, గుంజ వెంట తీసుకురండి, గడ్డిలోంచి కాదు. కప్పు మీదికి వంగిన చెట్టు కొమ్మలను కొట్టేయండి. నీడకు గడ్డి ఆరదు, పాచి పడుతుంది.

నెల తరువాత ఒకసారి అన్ని కట్లూ తిరిగి చూడండి, నాలుగైదు వదులై ఉంటాయి. ఏటా వానలకు ముందు కొప్పు మీద కొత్త గడ్డి వేయండి. దిమ్మెల చుట్టూ చేరిన ఆకులు, మట్టి తీసేయండి. దిమ్మె మీద మట్టి దారి కనిపిస్తే చెద ఎక్కుతోందని అర్థం, గీకేసి అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి. వాసాల కింద పసుపుపచ్చని పిండి కనిపిస్తే దాని పైన గడలో చిన్న రంధ్రాలుంటాయి. ఇంజెక్షను సిరంజితో వాటిలోకి బోరాక్స్ ద్రావణం ఎక్కించి, పిండి ఊడ్చేసి, వారం తరువాత చూడండి. మళ్లీ పిండి రాలితే ఆ గడ మార్చాల్సిందే. ఇందుకోసమే మందు పెట్టిన గడలు రెండు, మూడు అదనంగా చూరు కింద దాచుకోవడం మేలు.